పేరు పెట్టకముందు

ఈ ఉద్యమానికి ఇంకా పేరు లేదు. తొందరలో మరిచిపోయామనుకోకండి. యోరుబా ఇంట్లో బిడ్డ పుట్టగానే పేరు పెట్టరు, ఎనిమిదో రోజు దాకా ఆగుతారు. ఆ వారమంతా ఇంటిల్లిపాదీ బిడ్డ ఎలా వచ్చిందో చెప్పుకుంటారు. కవలలైతే ముందొచ్చినది తైవో, వెనకొచ్చినది కెహిండే. అక్కడ ఆలోచన అక్కర్లేదు. మెడకు పేగు చుట్టుకుని పుట్టిన మగపిల్లాడు ఒజో, ఆడపిల్ల ఐనా. తాత పోయిన కొన్నాళ్లకే మనవడు పుడితే బబతుండే, అంటే నాన్న మళ్లీ వచ్చాడని. మా పేర్లలోనే మేం వచ్చిన దారి ఉంటుంది.

కాబట్టి మేమూ ఎనిమిది రోజులు ఆగుతున్నాం. ఈలోగా ఈ బిడ్డ ఏ ఇంట పుట్టింది, ఎందుకు పుట్టింది, ఎవరి పోలిక అన్నది నలుగురికీ చెప్పడానికి ఈ ప్రణాళిక.

మేం ఒషోగ్బో వాళ్లం. నైజీరియా నైరుతి మూలన, ఒషున్ నది ఒడ్డున ఉంది మా ఊరు. మొదటి రోజు ఒక ఇంటి వరండాలో పదకొండు మందిమి కూర్చున్నాం. మాలో ఒకామె అదిరే అద్దుతుంది. కర్రపెండలం గంజితో బట్ట మీద గీతలు గీసి, నీలిమందు కుండలో ముంచి తీసే పని. ఇద్దరు బడిపంతుళ్లు, ఒక నర్సమ్మ, ఒక టాక్సీ డ్రైవరు, చిన్నప్పటి నుంచీ ఇఫా అనే శకున విద్య చదువుకున్న ఒక ముసలాయన, ఆయన ప్రతి మాటకీ అడ్డు తగిలే ఒక కాలేజీ అమ్మాయి. మిగతావాళ్లు ఊరికే చూద్దామని వచ్చి ఉండిపోయారు. మా ఇళ్లలో అమ్మ చర్చికి, నాన్న మసీదుకు, పండక్కి అందరూ ఒకే కుండలోంచి తినడానికి వెళ్లడం కొత్త కాదు. యోరుబా నేల మీద ఇది మామూలే. అందుకే ముందే చెబుతున్నాం: ఎవరి మెడలోంచీ శిలువ తీయించడానికి మేం బయల్దేరలేదు. ఎవరి నమాజుకూ అడ్డం రాం. మా సొంత వస్తువులకు మా సొంత పేర్లు తిరిగి కావాలి. మా గొడవంతా అదే.

మొదటి తగాదా ఒక అనువాదంతో.

1821లో ఒషోగున్ అనే ఊరి మీద పడి బానిసల వేటగాళ్లు పట్టుకుపోయిన పిల్లల్లో అజయి ఒకడు. చేతులు మారి మారి పోర్చుగీసు ఓడ ఎక్కాడు. 1822లో బ్రిటిష్ నౌకాదళం ఆ ఓడను ఆపి అందరినీ సియెరా లియోన్‌లో దించింది. అక్కడే చదువుకున్నాడు, క్రైస్తవుడయ్యాడు, శామ్యూల్ అజయి క్రౌథర్ అనిపించుకున్నాడు. 1864లో ఆంగ్లికన్ చర్చికి మొట్టమొదటి ఆఫ్రికన్ బిషప్ అయ్యాడు. మా భాషకు పదకోశం కూర్చాడు, రాతకు ఒక పద్ధతి ఏర్పడటానికి పాటుపడ్డాడు, బైబిల్‌ను యోరుబాలోకి తెచ్చాడు. ఈ రోజు మేం మా భాషలో ఉత్తరం రాసుకుంటున్నామంటే అందులో ఆయన చలవ ఉంది, కాదనం. కానీ ఆ అనువాదంలో అపవాది ఎదురైన చోట ఆయన కలం నుంచి ఒక పేరు పడింది. ఎషు.

ఎషు మా నాలుగు రోడ్ల కూడలిలో ఉంటాడు. మనుషులు పెట్టిన నైవేద్యాన్ని సృష్టికర్త ఒలొడుమరేకు చేర్చేది ఆయనే. వాకిట్లో గరుకు ఎర్రరాయిగా కూర్చుంటాడు, ఎర్రటి పామాయిల్ పోస్తే సంతోషిస్తాడు. అల్లరివాడు, అందులో సందేహం లేదు. ప్రాణస్నేహితులిద్దరి పొలాల మధ్య గట్టు మీదుగా, ఒక పక్క ఎరుపూ ఇంకో పక్క నలుపూ ఉన్న టోపీ పెట్టుకుని నడిచిపోయాడట. ఎర్రటోపీ మనిషిని చూశావా అని ఒకడు, నల్లటోపీ కదా అని ఇంకొకడు, మాటా మాటా పెరిగి తలలు పగిలాయి. టోపీ పెట్టుకున్నవాణ్ణి తిట్టేవాళ్లు తిట్టొచ్చు గానీ, చూసిన సగమే మొత్తమనుకున్న ఇద్దరి సంగతేమిటి? కథ చెప్పి పెద్దవాళ్లు మమ్మల్ని ఈ ప్రశ్న దగ్గర వదిలేసేవారు. దేవుడికి విరోధి, నరకానికి రాజు లాంటివాడు మా లెక్కలో లేనే లేడు. లేనివాడికి పేరు కావలసి వస్తే, ఉన్నవాడి పేరు తీసి తగిలించారు.

మాలో ఒక పంతులమ్మ ఉంది. ఎనిమిదేళ్లప్పుడు బైబిల్ క్లాసులో ఈ మాట విని పరుగున ఇంటికొచ్చింది. "నాయనమ్మా, మన వాకిట్లో సైతాను ఉన్నాడట!" ఆ సాయంత్రమే వాళ్ల నాన్న గునపం తెచ్చి రాయి పెకలించాడు, గోనెసంచిలో వేసి ఎక్కడో పారేసొచ్చాడు. నాయనమ్మ ఒక్క మాటా అనలేదు. తెల్లారి లేచి, ఆ గుంటలో కాస్త నూనె పోసి, చెయ్యి కొంగుకు తుడుచుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. పోయేదాకా ఏటా పోస్తూనే ఉందట. ఆ గుంట పూడ్చడానికి నాన్నకూ చేతులు రాలేదు.

యోరుబా బైబిల్‌లోనే సాతాని అనే మాట కూడా ఉంది. అన్ని చోట్లా అదే వాడితే ఏ వాక్యమూ చెడదు, ఎవరి భక్తీ తగ్గదు. నిఘంటువులు కూర్చేవాళ్లనీ, పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లనీ, సినిమాల కింద ఇంగ్లిష్ అక్షరాలు వేసేవాళ్లనీ మేం అడిగే మొదటి కోరిక ఇదే. ఎషును ఎషుగా ఉండనివ్వండి. ఉత్తరాలు రాస్తాం, ఆఫీసుల చుట్టూ తిరుగుతాం, విసుక్కున్నా మళ్లీ వస్తాం.

రెండోది మనుషుల పేర్లు. మా దేవతలైన ఇఫా, షాంగో, ఒగున్ ఇంటిపేర్లలో ఉన్న కుటుంబాలు రెండు మూడు తరాలుగా వాటిని కత్తిరించుకుంటూ వచ్చాయి. ఫాగ్బెమి అంటే ఇఫా నాకు కలిసొచ్చాడని. ఆ ముందరి 'ఫా' తీసేసి, యేసును పెట్టుకుని జెసుగ్బెమి అయినవాళ్లు ఊరూరా ఉన్నారు. ఒగున్‌తో మొదలయ్యే పేరు ఒలుతో, అంటే ప్రభువుతో, మొదలవుతుంది. పిలుపు దాదాపు అలాగే ఉంటుంది, లోపలి దేవుడు మారిపోతాడు. ఎవరినీ తప్పుపట్టం. ఉద్యోగం కోసం, పెళ్లి సంబంధం కోసం, బళ్లో పిల్లలు ఏడిపించకుండా ఉండటం కోసం మార్చుకున్నారు. వెనక్కి నడిచినవాళ్లూ ఉన్నారు. పాస్టరుగారి మనవడైన సంగీతకారుడు ఫెలా, రాన్సమ్-కుటిలోంచి రాన్సమ్ తీసేసి అనికులాపో చేర్చుకున్నాడు. చావును జేబులో పెట్టుకు తిరిగేవాడని దాని అర్థం. ఇగ్బోల రచయిత చినువా అచెబె చదువుకునే రోజుల్లోనే ఆల్బర్ట్‌ను వదిలేశాడు. మీ పేరు డేవిడ్ అయితే డేవిడ్‌గానే రండి, మంచి పేరు. కాకపోతే మీ ముత్తాత పేరు ఏమిటో, అది ఎందుకు మారిందో ఇంట్లో ఒకసారి అడిగి రండి. ఆ జవాబే మా సభ్యత్వ రుసుము.

ఇక ఇఫా. ఇఫా చెప్పేవాణ్ణి బబలావో అంటారు. సినిమాల్లో బబలావో అంటే ఎర్రగుడ్డ కట్టుకుని, పుర్రె ముందు పెట్టుకుని, డబ్బు కోసం ప్రాణం తీయమనేవాడు. మా వరండాలో ముసలాయన ఎర్రగుడ్డ కట్టడు. ఆయన చేతిలో ఒపెలే ఉంటుంది: ఒక గొలుసు, దానికి ఈ పక్క నాలుగు, ఆ పక్క నాలుగు అరచెక్క గింజలు. గొలుసును మధ్యలో పట్టుకుని మెల్లగా విసిరి చాప మీద పడేస్తాడు. ఒక్కో గింజ బోర్లా పడొచ్చు, వెల్లకిలా పడొచ్చు. ఎనిమిది గింజలకు రెండేసి తీరులు, మొత్తం 256. ఒక్కో తీరును ఒక ఒడు అంటారు. ఒక్కో ఒడు కింద బోలెడన్ని పద్యాలు, కథలు. వాటిలో 16 ఒడులు పెద్దవి. పడిన ఒడు పేరు చెప్పి ఆయన పద్యాలు ఎత్తుకుంటాడు. వచ్చినవాడు వింటూ ఉంటాడు, తన కష్టానికి సరిపోయేది రాగానే 'అదే, అదే' అంటాడు. తన బాధేమిటో బబలావోకు ముందుగా చెప్పక్కర్లేదు.

కాలేజీ అమ్మాయి వేళ్ల మీద లెక్కపెట్టింది. "బాబా, ఇది ఎనిమిది బిట్లు కదా! కంప్యూటర్లో దీన్నే బైట్ అంటారు."

"అలాగా! మరి మీ కంప్యూటరుకు పద్యాలు వచ్చా?" అన్నాడాయన, గొలుసు చుట్టిపెడుతూ.

2005లో యునెస్కో ఇఫాను మానవాళి మౌఖిక వారసత్వంలో గొప్పదని ప్రకటించింది. ఇఫా పండితుడైన వాండే అబింబొలా 1982 నుంచి 1989 దాకా ఇఫే విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్. అయినా మా నర్సమ్మ కాగితం నింపేటప్పుడు కొత్త రోగి మతం అన్న చోట 'ఇషేషే' అని చెబితే (మా సంప్రదాయానికి మేం పెట్టుకున్న మాట అది) ఆ గడి లేక ఆమె 'ఇతరములు' అని రాసుకోవాలి. 1963 తర్వాత దేశ జనాభా లెక్కల్లో మతం అడగడమే మానేశారు. దేశమంతటికీ ఇచ్చే సెలవుల్లో క్రైస్తవుల పండగలున్నాయి, ముస్లింల పండగలున్నాయి, మాది లేదు. ఆగస్టు 20 ఇషేషే రోజు. ఒషున్, ఓయో, ఒగున్, లాగోస్ రాష్ట్రాలు 2023లో దానికి సెలవిచ్చాయి. అదే ఏడాది ఇలోరిన్‌లో ఈ వేడుక జరపొద్దని బెదిరించినప్పుడు వోలే సోయింకా బహిరంగంగా నిలదీశాడు. ఆయన లాంటి నోబెల్ బహుమతి గ్రహీత ఉంటేనే వినిపించే గొంతుగా మేం ఎన్నాళ్లుంటాం?

పద్యాలు బతకాలంటే భాష బతకాలి. బళ్లో యోరుబా మాట్లాడితే జరిమానా కట్టిన వాళ్లం మాలో నలుగురున్నాం. ఇంట్లో అమ్మతో మాట్లాడే భాషకు బళ్లో 'వెర్నాక్యులర్' అని పేరు, తిట్టులా. పిల్లలు వెనకబడిపోతారన్న భయంతో అలా చేశారనుకుందాం. ఆ భయానికి జవాబు మా పక్క ఊళ్లోనే ఎప్పుడో దొరికింది. 1970లో ఇఫేలో ప్రొఫెసర్ బబతుండే ఫఫున్వా, ఆయన సహచరులు ప్రాథమిక బడి ఆరేళ్లూ అన్ని పాఠాలూ యోరుబాలోనే చెప్పించి, ఇంగ్లిష్‌ను వేరుగా, దానికోసమే తర్ఫీదైన టీచర్లతో నేర్పించారు. ఆ పిల్లలు లెక్కల్లో, సైన్సులో ముందున్నారు, ఇంగ్లిష్‌లోనూ వెనకబడలేదు. ఆ ఫలితాలు పుస్తకాల్లో పడి యాభై ఏళ్లవుతోంది. బళ్లు మాత్రం కదల్లేదు. మేం పెట్టే మొదటి బడి ఆదివారం సాయంత్రం, ఇదే వరండాలో, చర్చి నుంచి వచ్చినవాళ్లకి కూడా వీలయ్యే వేళకి.

మేం మరిచిపోయినవి సముద్రం అవతలి వాళ్లు దాచారు. ఓడల్లో గొలుసులతో వెళ్లినవాళ్లు చేతిలో ఏమీ పట్టుకెళ్లలేకపోయారు గనక నోట్లో పెట్టుకుని పట్టుకెళ్లారు. క్యూబాలో యజమానుల కంట పడకుండా షాంగోను సెయింట్ బార్బరా వెనక దాచారు. మీసాల పిడుగు దేవుడు చీర చాటున కాపురం చేశాడన్నమాట. బ్రెజిల్‌లోని సాల్వడోర్‌లో ఏటా ఫిబ్రవరి 2న యెమోజా తల్లికి జనం సముద్రంలో పూలు విడుస్తారు. అమెరికాలో ఫ్లోరిడాలోని ఒక ఊరు జంతుబలిని నిషేధిస్తే, ఒరిషాల, అంటే మా దేవతల, భక్తులు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1993లో గెలిచారు. సముద్రం అవతలి వాళ్లలో కొందరు ఒషోగ్బో వచ్చి నది ముందు పాడినప్పుడు మా ముసలివాళ్లు పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నారు. ఉచ్చారణ అరిగిపోయింది, పాట మాత్రం అరగలేదు.

ఇక్కడ ఇంకో మాట దాటేయకూడదు. ఆ ఓడల దాకా వాళ్లను నడిపించి అమ్మినవాళ్లలో మావాళ్లూ ఉన్నారు. ఓయో రాజ్యం కూలిపోయే రోజుల్లో ఊరి మీద ఊరు పడి పట్టుకున్న మనుషులు లాగోస్ రేవుకు చేరారు. పాతదంతా బంగారమని చెప్పే ఉద్యమం మాకు అక్కర్లేదు.

మ్యూజియంల సంగతి క్లుప్తంగా. 1897లో బ్రిటిష్ సైన్యం బెనిన్ నగరాన్ని తగలబెట్టి కొల్లగొట్టిన కంచు బొమ్మల్లో 20 జర్మనీ నుంచి 2022 డిసెంబరులో తిరిగొచ్చాయి. అవి మా పొరుగువాళ్లైన ఎడోలవి, సంతోషం. 1910లో ఇలే-ఇఫే వచ్చిన జర్మన్ పండితుడు లియో ఫ్రోబెనియస్ అయితే మా శిల్పాలను చూసి, ఇవి ఆఫ్రికా వాళ్లు చేసినవై ఉండవు, మునిగిపోయిన అట్లాంటిస్ వాళ్లవేనని తేల్చాడు. బొమ్మలు తిరిగిస్తే పుచ్చుకుంటాం. కానీ పెట్టెలో అద్దం వెనక ఉన్నదాన్ని ఇంకో పెట్టెలో అద్దం వెనక పెట్టుకోవడానికి ఇంత గింజుకోవడం దేనికని మాలో కొందరం అనుకుంటున్నాం. దీని మీద మాకు ఏకాభిప్రాయం కుదరలేదు, కుదిరిందని రాయం.

మా ఇల్లు కూడా ఊడ్చుకోవాలి. డబ్బొస్తుందని మనుషుల్ని చంపేవాళ్లు, చంపమని చెప్పేవాళ్లు హంతకులు. వాళ్ల ఒంటి మీద పూసలున్నాయని మేం వెనకేసుకురాం, పోలీసులకు మేమే అప్పజెబుతాం. మందులకని, తంత్రాలకని రాబందుల్ని చంపి సంతల్లో అమ్ముతున్నారు. నైజీరియా ఆకాశంలో అవి దాదాపు కనబడటం మానేశాయి. ఒరొ పండగ రోజుల్లో ఆడవాళ్లను ఇళ్లలోంచి కదలనివ్వరు. రాత్రి డ్యూటీకి వెళ్లాల్సిన నర్సమ్మ ఈ మాట ఎత్తినప్పుడు వరండాలో గొడవైంది. ముసలాయన లేచి వెళ్లిపోయాడు. మర్నాడు తిరిగొచ్చి, "ఇఫా చదువు ఆడపిల్లకు చెప్పకూడదని మా గురువు అనేవాడు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు" అన్నాడు. కాలేజీ అమ్మాయి ఆ రోజు నుంచే ఆయన దగ్గర మొదటి ఒడు వల్లిస్తోంది. ఒరొ సంగతి తేలలేదు. తేలేదాకా ఆ పండగకు మా సంఘం తరఫున ఎవరూ వెళ్లరు.

ఎవరు చేరొచ్చని అడుగుతున్నారు. రక్తం అడగం. మా ఊరి ఒషున్ వనాన్ని కాపాడినవాళ్లలో ఒకావిడ ఆస్ట్రియా నుంచి వచ్చింది. సుజాన్ వెంగర్ 1950 ప్రాంతంలో నైజీరియా చేరి, 2009లో కన్నుమూసేదాకా ఇక్కడే ఉండిపోయింది. ఊరివాళ్లు ఆమెకు అదున్నీ అని పేరు పెట్టుకున్నారు. చెట్లు నరికి స్థలాలు చేసుకుంటున్న రోజుల్లో, ఆమె అదెబిసి అకాంజీ లాంటి స్థానిక శిల్పులతో కలిసి వనంలో సిమెంటుతో, మట్టితో ఒరిషాల బొమ్మలు లేపింది. 75 హెక్టార్ల ఆ అడవి 2005లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. యోరుబా ఊళ్లన్నిటికీ ఒకప్పుడు ఇలాంటి వనాలుండేవి. మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్నే.

వనం నిలిచింది. నది నిలవలేదు.

మా ఊరి పుట్టుక కథ ఇలా చెబుతారు. నీళ్లు వెతుక్కుంటూ వచ్చిన మావాళ్లు నది ఒడ్డున స్థలం చదును చేస్తూ ఒక చెట్టు కొట్టారు. అది నీళ్లలో పడింది. లోపలి నుంచి గొంతు లేచింది: అడవి మాయగాళ్లారా, నా నీలిమందు కుండలన్నీ పగలగొట్టేశారే అని. ఆ తల్లి ఒషున్, అద్దకం పని చేసుకునే ఆడమనిషి. మావాళ్లు తప్పయిందన్నారు. ఆమె కాపాడతానంది, వాళ్లు నదిని చూసుకుంటామన్నారు. ప్రతి ఆగస్టులో అరుగ్బా అనే కన్య తల మీద నైవేద్యం మోస్తూ నడుస్తుంటే వేలమంది వెంట నడిచేది ఆ ఒప్పందాన్ని గుర్తుచేసుకోవడానికే.

ఎగువన ఇలేషా చుట్టుపక్కల బంగారం కోసం వాగులు తవ్వి కడుగుతున్నారు. కొన్నేళ్లుగా నది చాయ్ రంగులో, పలచటి బురదలా వస్తోంది. 2022 పండగకు నది నీళ్లు తాగొద్దని ప్రభుత్వమే హెచ్చరించింది. బిడ్డలు కావాలని మొక్కుకుని సీసాల్లో ఆ నీళ్లు పట్టుకెళ్లేవాళ్లు అయినా పట్టుకెళ్లారు. అదిరే అద్దే ఆమె ఆ రోజు గట్టు మీద కూర్చుని, "మళ్లీ కుండలు పగిలాయి, ఈసారి ఎవరూ తప్పయిందనలేదు" అంది. ఈ ఉద్యమానికి బీజం పడింది ఆ మాటతోనే. పేర్ల గొడవంతా తర్వాత వచ్చింది.

అందుకే మా మొదటి ఏడాది పనిలో పూజ తక్కువ, నీళ్ల పరీక్షలు ఎక్కువ. ప్రతి నెలా నాలుగు చోట్ల నీళ్లు పట్టి పరీక్షకు పంపుతాం, ఫలితం యోరుబాలో రాసి సంతలో గోడకు అంటిస్తాం. ఎగువ ఊళ్ల వాళ్లతో కూర్చుంటాం; తవ్వుకునే కుర్రాళ్లు మాకు శత్రువులు కారు, వేరే పని లేక దిగినవాళ్లు. వాళ్ల చేత తవ్విస్తున్నవాళ్ల పేర్లు తెలిసినప్పుడు అవీ గోడ మీదికి ఎక్కుతాయి. టాక్సీ డ్రైవరు తన కారు ఇచ్చాడు, పెట్రోలు అందరం వేసుకోవాలి. ఇనుముకు దేవుడైన ఒగున్‌కు భక్తుడు, ఇనుము ముట్టి మాటిచ్చాడు గనక తప్పడు.

ఎనిమిదో రోజు వచ్చే శనివారం. పొద్దున్నే, ఎండెక్కకముందు. బిడ్డ నాలుకకు తాకించేవన్నీ కావాలి: తేనె, ఉప్పు, కోలా గింజలు, చేదు ఒరొగ్బో గింజలు, ఘాటైన అతారె మిరియాలు, కాస్త ఎర్ర నూనె, నీళ్లు. ఎవరికి ఏది వీలైతే అది తీసుకురండి. ఒక పేరు కూడా ఆలోచించుకు రండి, పెద్దవాళ్లకే వదిలేయకండి. నీళ్లు మాత్రం ఇంటి నుంచే తెచ్చుకోండి. నదివి ఇంకా నోట పెట్టుకునేలా లేవు.